ఆహార సందేహాలు: మంచిదని తింటున్నాం, మరి ఎంత తింటున్నాం?

ఈ నెల వచ్చిన ఉత్తరాలు రాసినవారిలో తిండి విషయంలో నిర్లక్ష్యంగా ఉండేవారు ఒక్కరూ లేరు. తెల్లవారకముందే లేచి నడిచేవారు, కాఫీలో చక్కెర మానినవారు, మూకుట్లో నూనె చెంచాతో కొలిచి పోసేవారు రాసిన ఉత్తరాలివి. ఇంత శ్రద్ధ పెట్టినా ఆశించిన ఫలితం రాలేదని కొందరు, కొత్త ఇబ్బందులు మొదలయ్యాయని మరికొందరు బాధపడ్డారు. అన్నీ చదివిన తరువాత నాకు తోచింది ఏమిటంటే, ఏది మంచి ఆహారం అన్న ప్రశ్న దగ్గరే మనం ఆగిపోతున్నాం. దాన్ని ఎంత తింటున్నాం, దానికి చోటు ఇవ్వడం కోసం కంచంలోంచి దేన్ని తీసేశాం అని అడగడం లేదు. స్థలాభావం వల్ల ఉత్తరాలను కుదించి, రాసినవారి పేర్లు లేకుండా ఊళ్ల పేర్లు మాత్రమే ఇస్తున్నాను.

ప్రశ్న: నా వయస్సు 54. ఏడేళ్లుగా షుగరు ఉంది. రెండేళ్ల క్రితం అన్నం పూర్తిగా మానేశాను. ఉదయం పెద్ద గ్లాసుడు రాగి జావ, మధ్యాహ్నం కొర్ర అన్నం, రాత్రి నాలుగు చపాతీలు తింటున్నాను. అయినా భోజనం తరువాత పరీక్ష చేయిస్తే షుగరు 220కి తగ్గడం లేదు. అన్నం ముట్టని మనిషికి షుగరు ఎలా పెరుగుతుంది? (గుంటూరు)

జవాబు: మీరు రెండేళ్లపాటు ఇష్టమైన అన్నాన్ని వదులుకున్నారు. ఆ పట్టుదల చిన్నది కాదు. అయితే రక్తంలో చక్కెరను పెంచేది పిండిపదార్థం. అది బియ్యంలో ఎంత ఉందో గోధుమలోనూ చిరుధాన్యాలలోనూ కాస్త ఎక్కువ తక్కువగా అంతే ఉంది. జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రకటించిన ఆహార విశ్లేషణ పట్టికల ప్రకారం నూరు గ్రాముల తెల్ల బియ్యంలో సుమారు 78 గ్రాములు, గోధుమ పిండిలో 64, రాగులలో 67, సామలలో 66 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది. ముప్ఫై గ్రాముల పిండితో చేసిన చపాతీలు నాలుగు తిన్నారంటే 77 గ్రాముల పిండిపదార్థం తిన్నట్టు. అంటే నూరు గ్రాముల బియ్యం వండుకుని తిన్నదానికి అది ఇంచుమించు సమానం. మన ఇళ్లలో చపాతీలు తరచు ముప్ఫై గ్రాములు దాటే ఉంటాయి కనుక, మీరు అన్నం మానలేదు, మరో రూపంలో తింటున్నారు అనుకోవడమే సరైన లెక్క.

అలాగని చిరుధాన్యాలకు విశేషం లేదని నేను అనడం లేదు. తెల్ల బియ్యంలో నూరు గ్రాములకు మూడు గ్రాములైనా లేని పీచు సామలలో ఏడు గ్రాములకు పైగా, రాగులలో పదకొండు గ్రాముల దాకా ఉంటుంది. ఈ పీచే చక్కెర రక్తంలోకి చేరే వేగాన్ని తగ్గిస్తుంది. రాగులలో నూరు గ్రాములకు 364 మిల్లీగ్రాముల కాల్షియం ఉంది, ఏ ధాన్యమూ దానికి సాటి రాదు. అయితే ఈ మేలు పైపొర నిలిచి ఉన్న గింజకే వర్తిస్తుంది. ఇప్పుడు బజారులో దొరికే కొర్ర బియ్యంలో తెల్లగా మెరిసేదాకా పాలిష్ పట్టినవి చాలా ఉంటున్నాయి; వాటిలో పీచు చాలావరకు తవుడుతో పాటే పోతుంది. కొనేటప్పుడు గింజ కాస్త మట్టి రంగులో, పైపొరతో ఉందో లేదో చూడండి.

మీ దినచర్యలో నాకు అన్నిటికంటే ఎక్కువ అనుమానం కలిగించింది ఉదయపు రాగి జావ. ఒకే గింజను ఎంత మెత్తగా విసిరి, ఎంత పలచగా, ఎంతసేపు ఉడికిస్తే అంత త్వరగా జీర్ణమై, అంత వేగంగా చక్కెరగా మారుతుంది. పొలం పనికి వెళ్లే మనిషికి వేగంగా శక్తినిచ్చే ఆ గుణమే వరం; కుర్చీలో కూర్చుని పనిచేసే మధుమేహ రోగికి అది ఇబ్బంది. అందులో బెల్లం కూడా కలుపుతున్నారేమో మీరు రాయలేదు. జావకు బదులు రాగి రొట్టెనో, రాగి పిండితో పాటు మినప్పప్పు ఎక్కువగా వేసిన అట్టునో తీసుకుని, పక్కన కూరగాయ ముక్కలు దండిగా ఉన్న సాంబారు గానీ పప్పు గానీ పెట్టుకోండి. జావే కావాలనుకుంటే చిన్న గిన్నెడుకు పరిమితం చేసి, మజ్జిగ కలిపి, ఒక గుడ్డుతోనో గుప్పెడు ఉడికించిన శనగలతోనో తీసుకోండి.

ఈ సందర్భంలో ఒక పాత సంగతి చెప్పాలి. జాతీయ పోషకాహార సంస్థ 1918లో కూనూరులో, నరాలను, గుండెను దెబ్బతీసే బెరిబెరి వ్యాధిపై పరిశోధన కేంద్రంగా మొదలై, 1958లో హైదరాబాదుకు మారింది. బాగా మరపట్టిన పచ్చి బియ్యమే ప్రధాన ఆహారంగా ఉన్న ఉత్తర సర్కారు జిల్లాలలో ఆనాడు బెరిబెరి ఎక్కువగా కనిపించేది. ధాన్యం ఉడికించి దంచిన ఉప్పుడు బియ్యం తినే ప్రాంతాలలో అది తక్కువ. కారణం, తవుడుతో పాటు పోయే థయామిన్ అనే బి1 విటమిన్. ఇక 1960లో అదే సంస్థ శాస్త్రవేత్తలు గోపాలన్, శ్రీకంటియా జొన్నలే దాదాపు ఏకైక ఆహారంగా బతికే తెలంగాణ పేదలలో చర్మాన్ని దెబ్బతీసే పెలాగ్రా అనే పోషకాహార లోపవ్యాధిని గుర్తించి, జొన్నలలో ఎక్కువగా ఉండే లూసిన్ అనే అమైనో ఆమ్లం (ప్రొటీన్‌లో ఒక భాగం) దానికి కారణం కావచ్చని ప్రతిపాదించారు. జొన్న గానీ బియ్యం గానీ చెడ్డవి కావు. ఒక్క ధాన్యం మీదే ఆధారపడి, దాని పక్కన ఉండవలసిన పప్పు, పాలు, ఆకుకూర లేకపోవడమే అసలు లోపం. ఈనాడు మూడు పూటలా చిరుధాన్యాలు తింటూ పప్పును చారు స్థాయికి తగ్గించుకున్నవారిని చూసినప్పుడల్లా నాకు ఆ పరిశోధనలే గుర్తుకొస్తాయి.

కాబట్టి మీ కంచాన్ని ఇలా మార్చుకోండి. సగం భాగం కూరలు, ఆకుకూరలు. పావు భాగం గట్టి పప్పు, గుడ్డు లేదా చేప. మిగిలిన పావు భాగంలోనే అన్నమో, కొర్ర అన్నమో, రెండు చిన్న చపాతీలో. ముందు కూర, పప్పు తిని, ఆ తరువాత అన్నం కలుపుకుంటే భోజనానంతరం చక్కెర అంత ఎత్తుకు లేవదు. అయితే ఒక హెచ్చరిక: మీరు ఇన్సులిన్ గానీ, చక్కెరను బాగా పడగొట్టే మాత్రలు గానీ వాడుతుంటే, పిండిపదార్థాన్ని తగ్గించే ముందు మీ వైద్యునితో మాట్లాడి మోతాదు సరిచేయించుకోవాలి. లేకపోతే చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు.

ప్రశ్న: నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. వయస్సు 27, బరువు 70 కిలోలు. వారానికి నాలుగు రోజులు జిమ్‌కు వెళ్తాను. మన తెలుగు భోజనంలో ప్రొటీన్ ఉండదని మా శిక్షకుడు చెప్పడంతో అన్నం, పప్పు మానేసి రోజూ పావు కిలో కోడిమాంసం, నాలుగు గుడ్లు, రెండు కొలతల ప్రొటీన్ పొడి తీసుకుంటున్నాను. మూడు నెలలుగా మలబద్ధకం, నీరసం. ప్రొటీన్ ఇంకా పెంచాలా? (మాదాపూర్, హైదరాబాదు)

జవాబు: పెంచకండి. ముందు మీ లెక్క చూద్దాం. పావు కిలో కోడిమాంసంలో 55 గ్రాములు, నాలుగు గుడ్లలో 24, పొడి రెండు కొలతలలో సుమారు 48. మొత్తం 127 గ్రాములు. భారతీయ వైద్య పరిశోధన మండలి 2020 సిఫారసు ప్రకారం ఆరోగ్యవంతుడైన వయోజనుడికి కిలో శరీర బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రొటీన్ చాలు. అంటే మీకు 58 గ్రాములు. గట్టిగా బరువులెత్తేవారికి కిలోకు 1.2 నుంచి 1.6 గ్రాముల దాకా ఉపయోగం ఉంటుంది. ఆ పై గీత మీకు 112 గ్రాములు. దాన్ని మించి తిన్నంత మాత్రాన కండ మరింత పెరగదు.

మీ నీరసానికి కారణం మీరు తింటున్నదానిలో కాదు, మానేసినదానిలో ఉందని నా అభిప్రాయం. పిండిపదార్థం దాదాపు లేకుండా వ్యాయామం చేస్తే కండరాలకు తక్షణ ఇంధనం అందదు. మొత్తం శక్తి చాలనప్పుడు మీరు ఖర్చుపెట్టి కొన్న ప్రొటీన్‌లో కొంత భాగం కండ కట్టడానికి బదులు పొయ్యిలో కట్టెలా కాలిపోతుంది. మాంసంలోను, గుడ్డులోను, పొడిలోను పీచు దాదాపు లేదు. అన్నంతో పాటు పప్పు, కూర, పచ్చడి కూడా పోవడంతో పేగులకు పని చెప్పే పదార్థమే లేకుండా పోయింది. మలబద్ధకం దాని ఫలితం.

తెలుగు భోజనంలో ప్రొటీన్ ఉండదన్న మాట కూడా సగమే నిజం. ఒక రోజు మొత్తానికి 200 గ్రాముల బియ్యంలో 16 గ్రాములు, 60 గ్రాముల కందిపప్పులో 13, పాలు పెరుగు కలిపి 300 మిల్లీలీటర్లలో సుమారు 10, గుప్పెడు వేరుశనగ గుళ్లలో 7, ఒక గుడ్డులో 6. కూడితే 52 గ్రాములు. అరవై కిలోల మనిషికి కావలసిన యాభై గ్రాములు ఇందులోనే ఉన్నాయి. పైగా బియ్యపు ప్రొటీన్‌లో కొరవడే లైసిన్ అనే అమైనో ఆమ్లం పప్పులో ఉంది, పప్పులో కొరవడే మిథయొనిన్ అనే అమైనో ఆమ్లం బియ్యంలో ఉంది. పప్పన్నం అనే కలయిక అందుకే బలమైనది. మరి లోపం ఎక్కడుందంటే, చాలా ఇళ్లలో నలుగురికి కలిపి గుప్పెడు కందిపప్పు వేసి పప్పుచారు కాస్తారు. గిన్నె నిండా చారు కనిపిస్తుంది కానీ మనిషి వాటాకు వచ్చే పప్పు పది గ్రాములు కూడా ఉండదు. మీ శిక్షకుడు చూసిన భోజనం అలాంటిదే అయి ఉంటుంది. దానికి మందు పప్పును గట్టిగా వండుకోవడమే గానీ మానడం కాదు.

రెండు కొలతల పొడిలో ఒకటి ఇప్పుడే తగ్గించండి. మధ్యాహ్నం అన్నం, గట్టి పప్పు, ఆకుకూర తిరిగి మొదలుపెట్టండి. నెల రోజులలో రెండో కొలత అవసరమా అని మీకే తెలుస్తుంది. జాతీయ పోషకాహార సంస్థ 2024 మేలో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాలు కండపుష్టి కోసం ప్రొటీన్ పొడులు వాడవద్దనే చెబుతున్నాయి. వాటిలో కలిపే చక్కెరలు, తీపి రసాయనాలు, కృత్రిమ వాసనలు అందుకు ఒక కారణం. మూత్రపిండాల జబ్బు ఉన్నవారైతే వైద్యుని అనుమతి లేకుండా ఇంత ప్రొటీన్ జోలికి పోకూడదు. నీరసం తగ్గకపోతే హిమోగ్లోబిన్, థైరాయిడ్ పరీక్షలు చేయించుకోండి. అన్నిటికీ తిండే కారణమని నేను అనను.

ప్రశ్న: నేను గృహిణిని. ఒంట్లోని మలినాలు పోతాయని రోజూ పరగడుపున పాలకూర, క్యారెట్, బీట్‌రూట్, ఆనపకాయ కలిపి రసం తీసి వడగట్టి తాగుతున్నాను. తీపి కోసం తేనె కలుపుతాను. ఇంట్లో చక్కెర పూర్తిగా మాని బెల్లమే వాడుతున్నాం. ఇటీవల స్కానింగ్‌లో మూత్రపిండంలో చిన్న రాయి ఉందన్నారు. నేను చేస్తున్నదానిలో పొరపాటు ఉందా? (తెనాలి)

జవాబు: ముందుగా ప్రాణానికి సంబంధించిన మాట. ఆనపకాయను, రాయలసీమ, తెలంగాణ వారు సొరకాయ అంటారు, పచ్చి రసంగా తాగే అలవాటును వెంటనే మానండి. ఈ కుటుంబపు కాయలలో కుకర్బిటసిన్లు అనే చేదు విషపదార్థాలు ఒక్కోసారి ఎక్కువగా తయారవుతాయి. దిల్లీలో 2010లో ఈ రసం తాగి ఒకరు మరణించిన తరువాత భారతీయ వైద్య పరిశోధన మండలి నిపుణుల సంఘం ఇలాంటి కేసులను పరిశీలించింది. రసం తీసే ముందు చిన్న ముక్క నోట్లో వేసుకుని చూడాలని, చేదు తగిలితే కాయను పారేయాలని, ఈ రసంలో ఇతర రసాలు కలపకూడదని ఆ సంఘం సూచించింది. మీలాగా బీట్‌రూట్, తేనె కలిపితే చేదు నాలుకకు తెలియకుండా పోతుంది. ప్రమాదం అక్కడే ఉంది. దానికి విరుగుడు మందు లేదు. తాగిన తరువాత కడుపునొప్పి, వాంతులు, వాంతిలో రక్తం, కళ్లు తిరగడం వంటివి కనిపిస్తే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి. వండేటప్పుడు కూడా చేదు ఆనపకాయను వాడవద్దు. చేదు లేని కాయతో చేసిన కూర, పులుసు, పెరుగు పచ్చడి నిరభ్యంతరంగా తినండి.

ఇక రాయి సంగతి. పాలకూరలోనూ బీట్‌రూట్‌లోనూ ఆక్సలేట్లు ఎక్కువ; మూత్రంలో కాల్షియంతో కలిసి రాళ్లుగా గట్టిపడే పదార్థాలివి. కూరగా వండుకున్నప్పుడు మనిషి తినే పాలకూర కొద్ది. రసంగా తీస్తే రెండు కట్టలు ఒక గ్లాసులో దిగిపోతాయి. పైగా పరగడుపున తాగడం వల్ల, పేగులోనే ఆక్సలేట్‌ను పట్టి బయటకు పంపగలిగే కాల్షియం ఆ సమయంలో అక్కడ ఉండదు. మీ రాయి ఏ రకమో పరీక్షిస్తే గానీ ఖాయంగా చెప్పలేం, కానీ ఆ రసం ఆపడం మాత్రం ఈ రోజే చేయవలసిన పని. రాయి ఉందని పాలు, పెరుగు మానకండి, అది మరో పొరపాటు. పాలకూర వండినప్పుడు భోజనంలో పెరుగు ఉండేలా చూసుకోండి, నీళ్లు బాగా తాగండి. మలినాలను బయటకు పంపే పనిని కాలేయం, మూత్రపిండాలు రాత్రింబవళ్లు చేస్తూనే ఉంటాయి; వాటికి రసాల సాయం అక్కరలేదు.

వడగట్టడం గురించి కూడా చెప్పాలి. జల్లెడలో మిగిలిపోయి మీరు పారేస్తున్న పిప్పిలోనే పీచు అంతా ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ఇచ్చిన మార్గదర్శకాలు పండ్ల రసంలోని చక్కెరను, తేనెను కూడా విడి చక్కెరల కిందే లెక్కకట్టి, వాటినుంచి వచ్చే శక్తి రోజు మొత్తంలో పదో వంతుకు మించకూడదన్నాయి. నాలుగు బత్తాయిలు వరుసగా ఒలుచుకుని తినమంటే తినలేం, రసమైతే రెండు నిమిషాలలో తాగేస్తాం. పండును పండుగానే తినమని చెప్పడానికి ఇంతకంటే కారణం వెతకనక్కరలేదు. 2024 జూన్‌లో మన ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ కూడా డబ్బా రసాల మీద ‘నూరు శాతం పండ్ల రసం’ అన్న మాట తీసేయమని కంపెనీలను ఆదేశించింది.

బెల్లం విషయంలో మీకు నిరాశ కలిగించక తప్పదు. బెల్లంలో అత్యధిక భాగం చక్కెరే. ఇనుము ఉన్న మాట నిజం, అయితే పది గ్రాముల బెల్లంలో దొరికేది అర మిల్లీగ్రాముకు అటూ ఇటూ. స్త్రీకి రోజుకు కావలసింది 29 మిల్లీగ్రాములు. ఇనుము కోసం బెల్లం తినాలంటే అంతకు ముందే చక్కెర హద్దు దాటిపోతుంది. రుచి కోసం బెల్లం వాడండి, కానీ చక్కెరను కొలిచినంత జాగ్రత్తగానే కొలవండి. ఇనుము కోసం తోటకూర, పప్పులు, నువ్వులు, వీలైతే మాంసం తింటూ, భోజనంలో నిమ్మకాయో ఉసిరికాయ పచ్చడో ఉంచుకోండి; వాటిలోని సి విటమిన్ ఇనుము ఒంటబట్టేలా చేస్తుంది. టిఫిన్‌తో పాటే కాఫీ, టీ తాగే అలవాటు ఉంటే గంట ఎడం పెట్టండి, ఎందుకంటే వాటిలోని టానిన్లు ఇనుమును అడ్డుకుంటాయి. బెల్లం చేసే మేలు కంటే ఈ గంట ఎడం చేసే మేలు ఎక్కువ.

ప్రశ్న: మా అమ్మ వయస్సు 63. పదేళ్లుగా షుగరుకు మెట్‌ఫార్మిన్ మాత్ర వేసుకుంటోంది. ఒక ప్రకృతి ఆహార పద్ధతి విని ఏడాదిన్నరగా నూనె, ఉప్పు, పాలు, పెరుగు అన్నీ మానేసింది. మొలకలు, పచ్చి కూరగాయలు, పండ్లు, ఉప్పు లేని ఉడికించిన కూరలే ఆహారం. మొదట్లో బరువు తగ్గి హుషారుగా ఉండేది. ఇప్పుడు అరికాళ్లు తిమ్మిర్లు, మతిమరుపు, నడకలో తూలు. వయస్సు వల్లేనంటుంది. ఏం చేయాలి? (వరంగల్)

జవాబు: ఈ ఉత్తరాన్ని పత్రికలో అచ్చయ్యేదాకా ఆపకుండా మీకు విడిగా కూడా జవాబు పంపాను, ఎందుకంటే ఇది వయస్సు మీదకు నెట్టి ఊరుకోవలసిన విషయం కాదు. మీ అమ్మగారికి వెంటనే బి12 విటమిన్ పరీక్ష, దానితో పాటు రక్తంలో సోడియం పరీక్ష చేయించండి.

బి12 మొక్కల ఆహారంలో ఆధారపడదగినంత దొరకదు. శాకాహారికి అది వచ్చే దారి పాలు, పెరుగు, మజ్జిగ మాత్రమే. అవి మానితే ఆ దారి మూసుకుపోయింది. పైగా దీర్ఘకాలం మెట్‌ఫార్మిన్ వాడేవారిలో బి12 ఒంటబట్టడం తగ్గుతుందని వైద్యులందరికీ తెలుసు. రెండూ ఒకే మనిషిలో కలిశాయి. కాలేయంలో నిల్వ ఉండటం వల్ల లోపం వెంటనే బయటపడదు. ‘మానేసి ఏడాదైంది, నాకేమీ కాలేదు’ అని మొదట్లో కలిగే ధైర్యానికి ఆ నిల్వే కారణం. తిమ్మిర్లు, తూలు, మతిమరుపు నరాలు దెబ్బతింటున్న సూచనలు కావచ్చు. త్వరగా చికిత్స చేస్తే చాలావరకు కోలుకుంటారు, ఆలస్యమైతే కొంత నష్టం శాశ్వతంగా మిగిలిపోవచ్చు. అరికాళ్ల తిమ్మిర్లను షుగరు నరాల జబ్బుగా భావించి ఈ పరీక్ష చేయించకుండా వదిలేయడం కూడా మనవద్ద తరచు జరుగుతోంది.

నీరసం, రక్తహీనత అని చెప్పి మందుల దుకాణంలో ఫోలిక్ ఆమ్లం మాత్రలు కొనివ్వకండి. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి నాయకత్వంలోని బృందం 1940లలో అమెరికాలో ప్రయోగశాలలో తయారు చేసిన ఈ విటమిన్ ఎందరో గర్భిణులకు, రక్తహీనులకు మేలు చేసింది. అయితే బి12 లోపం ఉన్న మనిషికి ఫోలిక్ ఆమ్లం ఒక్కటే ఇస్తే రక్తహీనత సర్దుకున్నట్టు కనిపిస్తుంది కానీ, లోపల నరాల నష్టం కొనసాగుతూనే ఉంటుంది.

ఉప్పు ఎక్కువైతే రక్తపోటుకు చేటు, కనుక రోజుకు అయిదు గ్రాములకు మించవద్దంటారు. అది తగ్గించమని చెప్పిన మాటే గానీ మొత్తం మానమని చెప్పింది కాదు. మీ అమ్మగారు రక్తపోటుకు నీరు తీసే మాత్ర వాడుతుంటే, ఉప్పు కూడా లేకపోవడం వల్ల సోడియం పడిపోయి తూలు, తికమక కలగవచ్చు. నూనె సంగతీ అంతే. క్యారెట్, ఆకుకూరలలో ఉండి ఒంట్లో ఎ విటమిన్‌గా మారే కెరోటిన్, ఇంకా డి, ఇ, కె విటమిన్లు కొవ్వు తోడు లేకుండా ఒంటబట్టవు. ఆకుకూరలో చెంచా నూనెతో వేసే తాలింపుకు ఆ ప్రయోజనం ఉంది.

పరీక్షల ఫలితం వచ్చేలోపు పెరుగు, మజ్జిగ తిరిగి మొదలుపెట్టించండి. మొలకలను పచ్చిగా కాక ఆవిరి మీద ఉడికించి పెట్టండి, వెచ్చని తడిలో మొలకెత్తే గింజల మీద సూక్ష్మక్రిములూ పెరుగుతాయి, ఆ వయస్సు వారికి అవి త్వరగా హాని చేస్తాయి. అమ్మగారితో మాట్లాడేటప్పుడు ‘నువ్వు చేసిందంతా తప్పు’ అనకండి. కూరగాయలు, పండ్లు పెంచుకున్నది, బరువు తగ్గింది ఆమె కష్టం. అవి నిలబెట్టుకుంటూనే మానినవాటిని కొద్దికొద్దిగా తెచ్చుకుందామని చెప్పండి.

ప్రశ్న: మంచిదని సముద్రపు ఉప్పు మాని హిమాలయ గులాబీ ఉప్పు వాడుతున్నాం. నాకు రక్తపోటు ఉంది, మా అమ్మాయి గర్భవతి. (కాకినాడ)

జవాబు: గులాబీ ఉప్పులోనూ నూటికి తొంభైఏడు పాళ్లకు పైగా సోడియం క్లోరైడే, రక్తపోటుకు అదీ ఇదీ ఒకటే. రంగునిచ్చే ఖనిజాలు ఉన్నవి ఎంత స్వల్పమంటే, వాటివల్ల మేలు కలగాలంటే తినకూడనంత ఉప్పు తినాలి. మీరు పోగొట్టుకున్నది అయోడిన్. మన దేశంలో అయోడిన్ కలిపిన ఉప్పు వినియోగదారుని చేరేసరికి పది లక్షల పాళ్లకు కనీసం 15 పాళ్ల అయోడిన్ ఉండాలని నిబంధన. గులాబీ ఉప్పు పొట్లం మీద అయోడిన్ కలిపినట్టు లేకపోతే అది ఉండదనే అనుకోవాలి. గర్భంలో ఉన్న బిడ్డ మెదడు ఎదగడానికి అయోడిన్ అత్యవసరం కనుక మీ అమ్మాయికి మామూలు అయోడిన్ ఉప్పుతోనే వండండి. మీరు ఉప్పు రకం మార్చడం కంటే ఆవకాయ, అప్పడాలు, వడియాలు తగ్గించుకోవడం ముఖ్యం. సోడియం తక్కువ ఉప్పు పేరుతో దొరికే దానిలో పొటాషియం ఉంటుంది. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు, కొన్ని రకాల రక్తపోటు మాత్రలు వాడేవారు వైద్యుణ్ణి అడగకుండా దాన్ని కొనకూడదు.

ప్రశ్న: అమెరికాలో ఉంటున్నాను. డి విటమిన్ తక్కువగా ఉందని రెండేళ్ల క్రితం సెలవులో వచ్చినప్పుడు వారానికి ఒకటి చొప్పున 60,000 యూనిట్ల పొడి రాశారు. మా వాళ్లు పంపుతుంటే అప్పటినుంచీ ఆపకుండా వాడుతున్నాను. ఇక్కడి మల్టీవిటమిన్ కూడా వేసుకుంటున్నాను. విటమిన్లే కదా, ఎక్కువైతే ఏమవుతుంది? (డాలస్)

జవాబు: వారానికి 60,000 అంటే రోజుకు 8,500 యూనిట్లకు పైనే. వైద్యుని పర్యవేక్షణ లేకుండా పెద్దవారు రోజుకు 4,000 యూనిట్లు దాటకూడదు. మామూలు అవసరం 600. ఆ పొడి సాధారణంగా ఎనిమిది నుంచి పన్నెండు వారాలు వాడి, మళ్లీ పరీక్ష చేయించుకుని, మోతాదు తగ్గించడానికి ఉద్దేశించినది. డి విటమిన్ కొవ్వులో కరిగేది, సి విటమిన్‌లా మూత్రంలో పోదు, ఒంట్లో పేరుకుంటుంది. ఎక్కువైతే రక్తంలో కాల్షియం పెరిగి వికారం, అతిదాహం, మలబద్ధకం, మాటిమాటికీ మూత్రం, చివరకు మూత్రపిండాలకు హాని కలుగుతాయి. పొడి ఆపి, ఈ వారంలోనే డి విటమిన్, కాల్షియం పరీక్షలు చేయించుకోండి. మన వాళ్లు ప్రేమతో సామానులో పెట్టి పంపే మందుల విషయంలో మీలాగే ఎందరో ఉన్నారు. చీటీ రాసిన వైద్యుడు ఎన్ని వారాలని రాశారో ఒకసారి తీసి చూడండి.

ప్రశ్న: మా పిల్లలకు తొమ్మిది, ఆరేళ్లు. మైదా బిస్కెట్లు మాన్పించి మల్టీగ్రెయిన్ బిస్కెట్లు, పాలలో ఎదుగుదల పొడి, సాయంత్రం ఓట్స్, తేనె ఉన్న చిరుతిండి ఇస్తున్నాను. పెద్దవాడు అన్నం సరిగా తినడు. ఖర్చు ఎక్కువైనా మంచివే కొంటున్నాను కదా? (కర్నూలు)

జవాబు: డబ్బా ముందు వైపు రాసినది ప్రకటన, వెనుక వైపు రాసినది సమాచారం. పదార్థాల జాబితాలో బరువు ఎక్కువున్నది ముందు, తక్కువున్నది తరువాత రాయాలని చట్టం. మీ మల్టీగ్రెయిన్ బిస్కెట్ పొట్లం తిప్పి చూడండి. మొదటి రెండు మూడు పేర్లలో గోధుమ పిండి లేదా మైదా, చక్కెర, పామాయిల్ ఉండి, రాగి, ఓట్స్ ఎక్కడో చివర రెండు మూడు శాతంగా కనిపిస్తే, మీరు కొన్నది మామూలు బిస్కెట్టే. చక్కెర అన్న పేరే ఉండనక్కరలేదు, గ్లూకోజ్ సిరప్, ఇన్వర్ట్ సిరప్, తేనె కూడా చక్కెరలే, మాల్టోడెక్స్‌ట్రిన్ కూడా అంతే వేగంగా గ్లూకోజ్‌గా మారుతుంది. పోషక పట్టికలో ‘అదనంగా కలిపిన చక్కెర’ అన్న వరుస చూసి, అయిదు గ్రాములను ఒక చెంచాగా లెక్కవేయండి. పెద్దవారికే రోజుకు 25 గ్రాములు హద్దు. పాలలో కలిపే ఎదుగుదల పొడిలో రెండు చెంచాలు, బిస్కెట్లలో ఒకటిన్నర, సాయంత్రపు చిరుతిండిలో రెండు అనుకుంటే ఆ హద్దు అన్నం ముద్ద ముట్టకముందే దాటిపోతుంది. పెద్దబాబు అన్నం తినకపోవడానికి ఇదే కారణం కావచ్చని నాకు గట్టిగా అనిపిస్తోంది. తీపి పానీయాలను ఆరోగ్య పానీయాలన్న విభాగంలో చూపవద్దని 2024 ఏప్రిల్‌లో ఆన్‌లైన్ దుకాణాలను ఆదేశించవలసి వచ్చిందంటే, ఆ మాట తల్లులను ఎంతగా నమ్మిస్తోందో ఊహించవచ్చు.

పాలను పాలుగానే ఇవ్వండి. మొదటి వారం పొడి సగానికి, రెండో వారం పావుకు తగ్గిస్తే పిల్లలు మారాం తక్కువ చేస్తారు. సాయంత్రం ఉడికించిన వేరుశనగకాయలు, తాలింపు పెట్టిన శనగ గుగ్గిళ్లు, జామకాయ, ఉడకబెట్టిన గుడ్డు, పెరుగులో కలిపిన అటుకులు మార్చి మార్చి పెట్టండి. జామకాయలో నూరు గ్రాములకు రెండువందల మిల్లీగ్రాములకు పైగా సి విటమిన్ ఉంది, మీరు తెప్పిస్తున్న ఖరీదైన పండ్లలో చాలావాటి కంటే అది ఎక్కువ. నువ్వుల ఉండ, పల్లీ ఉండ కూడా ఇవ్వవచ్చు, వారానికి రెండు మూడుసార్లు, ఒక్కొక్కటి చొప్పున. సాయంత్రం చిరుతిండికీ రాత్రి భోజనానికీ మధ్య కనీసం రెండు గంటలు ఏమీ ఇవ్వకండి. ఇలా మూడు వారాలు చేసి, పెద్దబాబు అన్నం ఎలా తింటున్నాడో, ఈ ఏడాది ఎత్తు, బరువు ఎంత పెరిగాడో నాకు మళ్లీ రాయండి. పెరుగుదల నిజంగా తక్కువగా ఉంటే పిల్లల వైద్యునికి చూపించి, ఏ పరీక్షలు అవసరమో అప్పుడు మాట్లాడుకుందాం.